సొన మచ్చ

నా చిన్నప్పుడు మా ఊళ్ళో కొత్త పండగ కాకముందే మామిడికాయ కొరకడం కంటే పక్కింటి కోడిని ఎత్తుకుపోవడం చిన్న తప్పు. కోడి దొంగని నాలుగు తిట్టి వదిలేసేవాళ్ళు. దేవతకు పెట్టకముందే కొత్త కాయ తిన్నవాళ్ళ ఇంటిని మాత్రం వెలివేసేవాళ్ళు. మేకను కోసి ఊరంతటికీ విందు పెట్టేదాకా ఆ ఇంటి గడప ఎవరూ తొక్కరు, ఆ ఇంటి నీళ్ళు ఎవరూ తాగరు. మేము తెలుగువాళ్ళం, చుట్టూ ఉన్నది దోర్ల కోయవాళ్ళు. అయినా ఊరి కట్టు అందరికీ ఒకటే.

కొంటాకి ఎగువన శబరి ఒడ్డున ఉండేది ఆ ఊరు. ఇవతల బస్తరు రాజుగారి రాజ్యం, అవతల ఇంగ్లీషువాళ్ళది. నన్ను పెంచింది మా నాయనమ్మ. ఇంట్లో బాబాయి, కడుపుతో ఉన్న పిన్ని, ఒకే ఒక్క మేక. ఊరంతటికీ వండి పెట్టేంత గింజలు ఏనాడూ లేవు. నాకు అప్పుడు తొమ్మిదేళ్ళుంటాయి.

పక్కింటి అక్క గోదావరి వైపు ఒక మిషన్ ఆసుపత్రిలో మూడేళ్ళు నర్సు చదువు చదివి ఆ ఎండాకాలం మొదట్లోనే తిరిగొచ్చింది. సర్టిఫికెట్‌కి చెద పట్టకుండా వెదురు గొట్టంలో చుట్టి పెట్టుకుంది. వాళ్ళమ్మ దాన్ని బయటికి తీసి వచ్చినవాళ్ళందరికీ చూపించేది, చాలాసార్లు తలకిందులుగా. చూసేవాళ్ళకూ తేడా తెలిసేది కాదు. నాకూ అంతే, ఒక్క అక్షరం రాదు.

ఊళ్ళో సర్కారు దవాఖానా ఒకటి ఉండేది. ఒక వరండా, ఒక గది, ఒక కంపౌండరు. నెలకొకసారి డాక్టరు సాబ్ ఎడ్లబండి మీద వచ్చి చూసిపోయేవాడు. అక్క ఆయన్ని ఉద్యోగం అడిగింది. నర్సు కావాలని రాజధాని జగదల్‌పూర్‌కి రాయడానికి తనకేం కష్టం లేదనీ, ఆడవాళ్ళెవరూ ఈ మెట్లెక్కనప్పుడు ఎవరి కోసం రాయాలనీ ఆయన అన్నాడట. మళ్ళీ వచ్చేనాటికి ఆడవాళ్ళు తమంతట తాము వచ్చి వరండాలో కూర్చుని ఉంటే అప్పుడు రాస్తాననీ, అందాకా జీతం లేకుండా దవాఖానాలో చూడమనీ అన్నాడు. అవతలి ఒడ్డున ఎక్కడైనా పని దొరికేదేమో గాని, తండ్రి లేని ఇల్లు, తల్లి ఒక్కతే. అక్కకి ఉద్యోగం ఈ ఊళ్ళోనే కావాలి.

మొదట్లో ఎవరూ పోలేదు. అక్కే ఇల్లిల్లూ తిరిగింది. ఆడది కాళ్ళకు జోళ్ళేసుకుని తిరుగుతోందని నవ్వారు. మా నాయనమ్మ మొహం మీదే అనేసింది.

"జోళ్ళేసుకున్న పిల్ల కాన్పు చేస్తదంట. చూద్దాం తియ్."

"జోళ్ళు గడప బయటనే ఇడుస్త అవ్వా. లోపల చేతులు మాత్రం కడుక్కోనియ్యి," అంది అక్క.

నాయనమ్మకి నవ్వొచ్చింది. వారం తిరక్కుండానే మా పిన్నిని ఆమే వెంటబెట్టుకుపోయి దవాఖానాలో చూపించింది. నాయనమ్మ మెట్లెక్కిందంటే ఇంక మిగతావాళ్ళకేం భయం? చంకన పిల్లల్ని వేసుకుని ఒకరి వెనక ఒకరు పోవడం మొదలుపెట్టారు. నాకు చలిజ్వరం వస్తే అక్కే క్వినైన్ పోసింది. రెండు రోజుల్లో జ్వరం దిగిపోయింది. విషంలాంటి చేదు, కానీ నన్ను లేపి కూర్చోబెట్టింది ఆ మందే. ఈ మాట నేను మర్చిపోకూడదు.

జ్వరం తగ్గిన నోటికి పులుపు మీద ఆశ పుట్టింది. కొత్త పండగకింకా పది రోజులుంది. ఏటి దారిలో రాలిపడిన కాయ ఒకటి దొరికితే పొద వెనక కూర్చుని కసకసా నమిలేశాను. ఒకటితో ఆగితే బాగుండేది. కొమ్మ వంచి ఇంకా మూడు తెంపాను. సొన మూతికంటి చుర్రుమంది. ఇంటికొచ్చేసరికి కింది పెదవి పక్కన కాలినట్టు పొక్కింది. పసుపు రాసుకుని ఎండ పొక్కు అన్నాను. మా నాయనమ్మకి చూపు సరిగా ఆనేది కాదు. ఆ మధ్యాహ్నమే వాంతులు మొదలయ్యాయి, ఇంక నా మూతి సంగతి పట్టించుకున్నదెవరు?

నాయనమ్మ నా తల పట్టుకుని ఏం తిన్నావని అడిగింది. గుంజకి కట్టేసిన మేక నాకు ఎదురుగానే కనబడుతోంది.

"ఏం తినలే. అక్క పోసిన మందు తాగినంకనే ఇట్లయితంది," అన్నాను.

అంతే. ఇంకేం కల్పించలేదు, కల్పించాల్సిన పనీ పడలేదు. మర్నాటికి నా వాంతులు తగ్గాయి గాని మాట ఊరంతా తిరిగింది. ఒకామె తన పిల్లకి తల తిరిగిందంది, ఒకామె తనకి కడుపులో మంటంది. వరండా ఖాళీ అయిపోయింది. అక్క మళ్ళీ ఇల్లిల్లూ తిరిగింది. ఈసారి ఎవరూ నవ్వలేదు, తలుపులు దగ్గరికి వేసుకున్నారు.

ఐదో రోజున డాక్టరు సాబ్ బండి వచ్చింది. నాయనమ్మ నా రెక్క పట్టుకుని, వెనక పది మంది ఆడవాళ్ళతో దవాఖానాకి పోయింది. అదే వరండా, అదే ఆడవాళ్ళు, కానీ ఫిర్యాదు చెప్పడానికి వచ్చారు. డాక్టరు అంతా విని, పిల్లకి ఎంత మందు పోశావని అక్కని అడిగాడు. అక్క చెప్పింది. అది సరైన కొలతే అన్నాడాయన. మరి వాంతులెందుకయ్యాయి, ఇంకేదైనా తిన్నదేమో చూడు అన్నాడు.

అక్క నన్ను దగ్గరికి తీసుకుని తడిగుడ్డతో మూతి తుడిచింది. పసుపు పోయింది. కింద సొన కాల్చిన పుండు. ఆమె వేలు అక్కడే ఆగింది. ఒక్కమాట అంటే చాలు, ఆమె ఉద్యోగం ఆమెకి దక్కేది. వెనకున్న ఆడవాళ్ళందరూ వినేవాళ్ళు.

ఆమె బల్ల మీది సీసాలోంచి మందు నూనె తీసి రాసింది. తర్వాత పక్కన నిలబడ్డ ఒకామె కొంగు ముడిలోని పసుపు కొమ్ము అడిగి తీసుకుని, రాయి మీద అరగదీసి, పుండు కనబడకుండా మళ్ళీ పూసింది.

"పిల్లకి తగ్గిపోయింది సాబ్," అంది. "ఎందుకయిందో చెప్పలేను."

నన్ను మెట్లు దింపుతూ మాత్రం చెవి దగ్గర చెప్పింది. "ఎండ తగలనియ్యకు బిడ్డా. సొన మచ్చ తొందరగా పోదు."

అప్పుడైనా నేను నోరు తెరవచ్చు. తెరవలేదు. తప్పించుకున్నానని సంతోషపడ్డాను కూడా. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

డాక్టరు జగదల్‌పూర్‌కి రాయలేదు. నాలుగు రోజులకి అక్క వెదురు గొట్టం భుజానికి తగిలించుకుని పడవెక్కింది. రేవులో వాళ్ళమ్మ ఒక్కతే నిలబడింది. నేను పొద చాటు నుంచి చూశాను. ఎన్నో ఆసుపత్రులు తిరిగాక దిగువన ఎక్కడో చేరిందని ఏడాదిన్నరకి పడవవాళ్ళు చెప్పారు.

ఆ వానాకాలం మా పిన్ని కాన్పులో పోయింది. కంపౌండరు మగవాడని లోపలికి రానివ్వలేదు. నాయనమ్మ గుంజకి చేరగిలబడి, "ఆ పిల్ల ఉంటే పిలుచుకొచ్చేదాన్ని," అంది. నేను పక్కనే కూర్చుని విన్నాను. అక్క ఉంటే పిన్ని బతికేదో లేదో నాకు తెలియదు. ఇంటిని వెలివేస్తే నిండు చూలాలి దగ్గరికి ఎవరూ రారనే అక్క ఆ రోజు నోరు మూసుకుందని మాత్రం, నేను తల్లినయ్యాక అర్థమైంది.

యాభై దాటాక, భద్రాచలం వైపు నుంచి వచ్చిన కోడలు నాకు పలక మీద అక్షరాలు నేర్పింది. ముందు నీ పేరు రాయి అత్తమ్మా అంది. నేను ఇంకొకటి అడిగి నేర్చుకున్నాను. 'కాయ తిన్నది నేనే.' ఏ కాయ అని అడిగింది కోడలు. అంతకుముందు ఏ మనిషికీ చెప్పనిది ఆ రోజు చెప్పాను. ఉత్తరం రాద్దామంటే ఎక్కడికి రాయాలో చెప్పేవాళ్ళెవరూ మిగల్లేదు.

మచ్చ అలాగే ఉంది. కొత్త పండగనాడు మామిడి ముక్కలు పంచితే నేను అందరూ తిన్నాక, చివరన తింటాను. ఎందుకట్లా అని పిల్లలు అడుగుతారు. పోయినేడు చెప్పినా మళ్ళీ అడుగుతారు. నేనూ మళ్ళీ చెబుతాను, మొదటి నుంచీ, మేక సంగతితో సహా.