షావుకారు గోడ మీద ఏరు

మొన్న మా మేనల్లుడు ఎమ్మిగనూరులో కట్టుకున్న కొత్త ఇంటికి జలపాతం తెచ్చాడు. చాపలా చుట్టి, మోటారు సైకిలు వెనక కట్టుకుని తెచ్చాడు. హాలు గోడకు అతికించే బొమ్మ అది. వాడు టీ తాగి వచ్చేలోగా మిషను అచ్చు కొట్టి ఇచ్చిందట. నేల మీద పరిచి నన్ను పిలిచాడు. "మామా, ఈ గోడకు పెడితే నీళ్ళు వాకిలి తట్టు పోతాయి, ఆ గోడకు పెడితే లోపలికి పోతాయి. యాడ పెట్టల్ల?" బీపీ ఉన్నవాణ్ణి అడగదగిన ప్రశ్న కాదది. బయటికొచ్చి అరుగు మీద కూర్చున్నాను. పడుచుతనంలో ఒక ఎండాకాలమంతా నాకు ఆ ప్రశ్న కిందనే ఆవిరైపోయింది మరి.

డెబ్బైల చివరి మాట. ఆదోనిలో, ఎమ్మిగనూరులో నేను రాయని బోర్డు లేదని గొప్పలు చెప్పుకునేవాణ్ణి. సగం అబద్ధమే అయినా మిగతా సగం నిజం. బడికీ నాకూ పొత్తు కుదరక చిన్నప్పుడే విడిపోయాం, కానీ అక్షరాలు నన్ను వదల్లేదు. కిరాణా కొట్లు, మందుల షాపులు, లారీల వెనక దేవుళ్ళు, పెళ్ళివారి ఇళ్ళ గోడల మీద వధూవరులు, అందరి పేర్లూ నా కుంచె కిందనుంచే నడిచిపోయేవి. నా పేరొక్కటే ఎక్కడా లేదు. బోర్డు మీద నా పేరు రాసుకుంటే జనం కొట్టు నాదనుకుని చక్కెర అడుగుతారు గదా! నిజంగా బొమ్మ అనదగింది ఒకటి, నాలుగు కాలాలు నిలిచే గోడ మీద వేసి, కింది మూలన పేరు రాసుకోవాలి. నా ఆశంతా ఇంతే.

అప్పుడే ఆదోనిలో పత్తి కమీషను వ్యాపారం చేసే ఒక షావుకారు కొత్త ఇల్లు కట్టించి, హాలు గోడ నిండా బొమ్మ వేయమని నన్ను పిలిపించాడు. పేరు సంగతి ముందే అడిగాను. "మా ఇంట్లో నీ పేరేందప్పా?" అని నవ్వి, "సరేలే, అందరూ బాగుందన్న పొద్దు రాసుకో" అన్నాడు. నేను 'రాసుకో' అన్న మాట విని మురిసిపోయాను. 'అందరూ' అన్నది చెవికెక్కలేదు.

కొండ, జలపాతం, దాని కింద ఏరు, ఏట్లో పడవ, ఒడ్డున జింకలు. జలపాతాన్ని నేను క్యాలెండరులో తప్ప చూసిందే లేదు. నేనెరిగిన తుంగభద్ర ఎండాకాలం వస్తే నీళ్ళు దాచుకుని బండలు చూపించే ఏరు. అయినా నీలమూ తెలుపూ కలిపి బాగానే దూకించాను. షావుకారు తల్లిని ఇంటిల్లిపాదీ అవ్వ అనేవాళ్ళు, నేనూ అలాగే పిలిచేవాణ్ణి. ఆమె వక్కాకు నములుతూ వచ్చి చూసింది. "ఏరు వాకిలి తట్టు పోతాంది గదరా! లచ్చిమి బయటికి పోతాంది. తిప్పు" అంది.

"అవ్వా, కొండ లోపలి పక్కనుంది. నీళ్ళు కొండ దిగి గదా రావల్ల?"

"ఆ మాట నీళ్ళకు సెప్పు. నాకేంటికి సెప్తావు?"

పోనీ కొండనే వాకిలి పక్కకు జరుపుతానంటే, వచ్చే లక్ష్మికి కొండ అడ్డమన్నారు. చేసేదిలేక అలలన్నిటినీ తిరగేశాను. దాంతో మా ఏరు వాకిలి దగ్గర పుట్టి, హాలంతా నడిచి, చివర్లో రొప్పుకుంటూ కొండ ఎక్కేది. ఇంత రాద్ధాంతమూ బొమ్మలో నీళ్ళ గురించి. అసలు ఇంటికి కొళాయి ఇంకా రానేలేదు.

ఏరు కుదిరిందనుకునేలోగా ఆస్పరినుంచి షావుకారు బావమరిది దిగి, ఖాళీ పడవ శుభం కాదన్నాడు. మనిషిని వేశాను. వ్యాపారస్తుడి ఇంట్లో ఎవరూ వీపు చూపించి పోకూడదన్నాడు. మనిషిని ఇటు తిప్పాను. ముఖం కనబడేసరికి షావుకారుకు ప్రేమ పొంగి, చనిపోయిన వాళ్ళ నాయన పోలికలు పెట్టమన్నాడు. పెట్టాను. అవ్వ చూసి అగ్గి మీద గుగ్గిలమైంది. "నా మొగునితో పడవ నూకిస్తావా? ఆయప్ప బతికినన్నాళ్ళూ చెంబు గూడా ముంచుకోలేదు!" తెడ్డు తీసేసి, పెద్దాయనకు తలపాగా చుట్టి, దిండుకు ఆనించి కూర్చోబెట్టాను. "మరి పడవ నూకేదెవరన్నా?" అని షావుకారును అడిగితే, "ఏరే లోపలికి పోతాంది గదప్పా, అదే తీసకపోతాది" అన్నాడు. కుంచె విరిచి పారేద్దామన్నంత కోపం వచ్చేది. విరిస్తే బొమ్మ ఆగిపోతుంది, పేరూ ఆగిపోతుంది. అందుకని ఇంటికెళ్ళి కంచం మీద అరిచేవాణ్ణి.

గృహప్రవేశం ముందురోజు సాయంత్రం అవ్వే కరిగింది. "ఇంగ బాగుందిలే. ఏడుపు మొగం పెట్టుకోని తిరుగుతాండాడు, పేరు రాసుకోనీరా" అంది కొడుకుతో. ఊరందరి పేర్లూ గీత తప్పకుండా రాసినవాణ్ణి, నా పేరు దగ్గరికొచ్చేసరికి తడబడ్డాను. ఎర్ర ఎనామిలు రంగుతో, కింది మూలన రాశాను. ఆ రంగు పూర్తిగా ఆరాలంటే ఒక రోజు పడుతుంది.

పొద్దున్నే ఆవునూ దూడనూ ఇంట్లోకి నడిపించారు. తెల్లటి ఆవు. హాలు మధ్యకొచ్చి అటూ ఇటూ చూసి, నేరుగా నా మూలకే పోయి, డొక్క గోడకానించి రుద్దుకోవడం మొదలుపెట్టింది. "ఆవును లాగండప్పా!" అని అరిచాను. పురోహితుడు ఉరిమి చూశాడు. "గోవును తోలగూడదు. దానంతట అదే కదలల్ల." అందరూ చేతులు జోడించి నిలబడ్డారు. ఆవు తీరిగ్గా దురద తీర్చుకుని కదిలింది. గోడ మీద ఎర్రటి మరక మిగిలింది. నేను కుంచె అందుకునేలోగా అవ్వ ఆ మరకకు పసుపు, కుంకుమ పెట్టేసింది.

"గోమాత తాకిన సోటు. సెయ్యి పెట్టొద్దు."

"అవ్వా, అది నా పేరు!"

"నీ పేరు ఆవు మీదుంది పో, సూసుకో."

నిజమే. డొక్క మీద ఎర్రగా, అక్షరాలు అద్దంలో చూసినట్టు తిరగబడి ఉన్నాయి. ఆ రోజు ఆదోని బజారంతా తిరిగింది నా పేరు, అరటితొక్కలు తింటూ.

ఎనభైల్లో ఒకసారి ఆ ఇంటికి వెళ్ళాను. అవ్వ లేదు. కోడళ్ళు శుక్రవారం శుక్రవారం పెట్టిన కుంకుమ ఆ మూలన పొరలు కట్టింది. షావుకారు చుట్టాలకు "గోమాత తాకిన గోడ" అని చూపిస్తున్నాడు. ఏరు కొండెక్కడమేమిటని ఒక్కరూ అడగలేదు. వేసిందెవరనీ అడగలేదు.

"మామా!" అని మేనల్లుడు మళ్ళీ పిలిచాడు. లోపలికి పోయేట్టే పెట్టమన్నాను. అతికించాక దగ్గరికెళ్ళి చూస్తే, కింది మూలన అచ్చు కొట్టిన కొట్టు పేరు, ఫోను నంబరుతో సహా నిగనిగలాడుతోంది. వేలితో గట్టిగా రుద్దాను. చెరగలేదు. మిషను రంగు అప్పటికప్పుడే ఆరిపోతుందట. నా రంగుకు ఒక్క రోజు కావాల్సి వచ్చింది. ఆ తరవాత ఇన్నేళ్ళు ధారాళంగా ఇచ్చిన కాలం, ఆ ఒక్క రోజు దగ్గరే పిసినారితనం చూపించింది.