చివరి పాటకు పోసే పెసరట్టు

మా ఇంటి కింద ఈ మధ్య ఒకాయన టిఫిన్ బండి పెట్టాడు. ఆదివారం పదకొండు దాటాక, పెనం మీద కాలే పెసరపిండిలో అల్లం, పచ్చిమిరప ముక్కలు పడ్డ వాసన మా వరండాలోకి వస్తుంది. ఎనభై దాటినదాన్ని, డాక్టరు నూనె వద్దన్నదాన్ని, చేతిలో పుస్తకం మూసి కాసేపు గురజాల వెళ్లి వస్తాను. అక్కడ నా ఎదురుగా సుగుణమ్మ గారు కూర్చుని ఉంటారు. ఆమెను మీరెవరూ చూసి ఉండరు. చూసి ఉంటే మాత్రం మరిచిపోయేవారు కాదు.

అరవైల మొదట్లో గురజాలలో ఆడపిల్లల బడిలో నాకు టీచరు ఉద్యోగం వచ్చింది. అప్పటికి నాకు ఇరవై ఒక్కేళ్లు. మా నాన్న బొల్లాపల్లి దగ్గర ఒక పల్లెలో ఉపదేశి. అంటే పాస్టరు గారు రాని ఆదివారాల్లో చర్చిలో వాక్యం చెప్పే మనిషి. నన్ను బస్సు ఎక్కిస్తూ ఒకే ఒక్క షరతు పెట్టాడు. “హోటళ్లలో కూర్చోమాక అమ్మాయ్. కూర్చున్నావని తెలిసిందా, ఉద్యోగం మాన్పించి తీసుకొస్తా.” ఎందుకని అడిగే అలవాటు మా ఇంట్లో లేదు. మా నాన్న మాటంటే మాటే.

సుగుణమ్మ గారు అదే బడిలో పెద్ద టీచరు, మా పక్క వాటాలో ఉండేవారు. నలభై అయిదేళ్ల మనిషి. భర్త పోయి చాలా కాలమైంది. చూడటానికి పొట్టి, గొంతు మాత్రం నాలుగు తరగతులకు సరిపోయేది. నేను వెళ్లిన మొదటి ఆదివారం చర్చి అయ్యాక, “వంట చేసుకున్నావటే?” అని అడిగారు. లేదన్నాను. “నేను ఆదివారం పొయ్యి ముట్టించను. ఏడో రోజు దేవుడే పని మానుకున్నాడు, నాకేం తక్కువ?” అంటూ ఎదురు సందులోకి దారితీశారు.

ఆ సందులో కోటయ్య గారి కాఫీ హోటలు ఉండేది. మొత్తం నాలుగు బల్లలు, అన్నింటి దగ్గరా మగవాళ్లే. ఆడవాళ్లు వెనక తలుపు దగ్గర క్యారియరు ఇచ్చి టిఫిన్ పెట్టించుకుపోయేవారు. సుగుణమ్మ గారు మాత్రం ముందు తలుపులోంచి నేరుగా వెళ్లి కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చున్నారు. నేను గుమ్మంలోనే ఆగిపోయి మా నాన్న షరతు చెప్పాను.

“మీ నాన్న సంగతి తర్వాత. నీకు ఆకలవుతుందా, లేదా?”

“అవుతుందండీ.”

“అయితే కూర్చో. గుమ్మంలో నిలబడితేనే నలుగురూ చూస్తారు. కూర్చుని తినేదాన్ని ఎవడూ చూడడు.”

కూర్చున్నాను. మొదటి అట్టు రుచేమిటో తెలియలేదు. రెండోది తెలిసింది. మూడో ఆదివారానికి, ఇంకాస్త అల్లం పచ్చడి వేయమని నేనే గట్టిగా అడిగాను. అలా నాలుగు నెలలు గడిచాయి. ఇంటికి రాసే ఉత్తరాల్లో వాన గురించీ పిల్లల చదువు గురించీ రాసేదాన్ని గానీ పెసరట్టు ఊసెత్తేదాన్ని కాదు.

కోటయ్య గారికి ఒక పద్ధతి ఉండేది. పెసరట్టు పెనం మీంచి నేరుగా విస్తట్లోకి రావాలి, నిమిషం ఆగినా ఆయనకు నచ్చదు. చర్చి నుంచి బల్లలకూ వెనక తలుపుకూ కలిపి పదిహేను మంది దాకా వచ్చేవారు కాబట్టి, ఆరాధన చివర పాడే పాట వినపడగానే పెనం మీద పిండి పోసేవాడు. మేము సందు దాటేసరికి అట్లు సిద్ధం. ఆయన ఏనాడూ చర్చి గడప తొక్కలేదు, కానీ ఆ పాట నాలుగు చరణాలూ ఆయనకు కంఠతా వచ్చు.

ఒకసారి మా పాస్టరు గారు ఊరెళ్తూ, వాక్యం చెప్పడానికి మా నాన్నను రమ్మన్నారు. ఆ కబురు విన్న దగ్గర్నుంచీ నాకు అన్నం సహించలేదు. “ఈ ఆదివారం హోటలు వద్దండీ, నా ఉద్యోగం పోద్ది” అని సుగుణమ్మ గారిని బతిమాలాను. “చూద్దాంలే” అన్నారు.

మా పల్లెలో ప్రసంగం అయిపోగానే జనం పనులకు లేచిపోతారు. అందుకని మా నాన్న చివరి పాట ప్రసంగానికి ముందే పాడించేస్తాడు. గురజాలలోనూ అదే చేశాడు. పాట అయింది. ఆ తర్వాత ప్రసంగం గంట సేపు నడిచింది.

బయటికి వచ్చేసరికి కోటయ్య గారు చర్చి గేటు దగ్గర అట్లకాడ పట్టుకుని నిలబడి ఉన్నాడు. “ఏంది టీచరమ్మ గారూ ఇది? పాటయిపోయి గంటయింది. పదిహేనట్లు చల్లారిపోయినయ్యి.” అంతటితో ఆగితే బాగుండేది. నన్ను చూసి, “మీ చోటు కూడా అట్టనే ఉంచానమ్మా, కిటికీ కాడ” అన్నాడు.

మా నాన్న నా వైపు తిరిగాడు. నేను సుగుణమ్మ గారి వెనక్కి జరిగాను.

సుగుణమ్మ గారు తొణకలేదు. “పాట ముందు పాడించింది ఈయనే కోటయ్యా, ఈ పిల్ల వాళ్ల నాన్న. చల్లారిన అట్లు ఈయన చేతే తినిపిద్దాం. రండి అన్నయ్యా.”

మా నాన్న కదల్లేదు. “నేను హోటల్లో కూర్చోనమ్మా” అని, కాసేపు తన చెప్పుల వంక చూసుకున్నాడు. “నా పెళ్లికి ముందు మాట. ఒక ఊళ్లో కాఫీ తాగుదామని బల్ల మీద కూర్చున్నా. ఏ ఊరన్నారు, ఏ పాలెమన్నారు. చెప్పా. కులం తెలిసి అందరి ముందూ లేపి బయటికి పంపారు. నా బిడ్డను కూడా అట్టా లేపుతారేమోనని...”

అదంతా మర్యాద గురించిన పట్టింపు అనుకున్నాను ఇన్నాళ్లూ. నాకు ఏడుపొచ్చింది.

“నన్నూ అట్టాగే చూశారులే అన్నయ్యా” అన్నారు సుగుణమ్మ గారు. “మూడేళ్ల కింద నేను మొదటిసారి కూర్చున్నప్పుడు పక్క బల్లవాళ్లు లేచిపోయారు. ఇప్పుడు వాళ్లే పచ్చడి గిన్నె ఇటు జరపమంటన్నారు.”

కోటయ్య గారు అట్లకాడ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. “అబద్ధమెందుకు, ఆ రోజు బేరం పోద్దని నాకూ భయమేసింది. టీచరమ్మ గారు లేవలా. నాకు లేపబుద్ధి కాలా. మీరు రండయ్యా, వేడిగా పోస్తా.”

మా నాన్న వచ్చాడు. ఎవరైనా పొమ్మంటే వెంటనే లేవడానికి వీలుగా బల్ల అంచున కూర్చున్నాడు. వేడి అట్లు మాకు వేయించి, “ఇయ్యి నా మూలాన చల్లారినయ్యి” అంటూ చల్లారినవి నాలుగు తిన్నాడు. రెండో కాఫీ వచ్చేసరికి గోడకు చేరగిలబడ్డాడు. ఉద్యోగం మాన్పించే సంగతి ఎత్తనే లేదు. బస్సు ఎక్కుతూ మాత్రం, “వచ్చే నెల కూడా పాస్టరు గారు ఊరెళ్తారేమో కనుక్కో అమ్మాయ్” అన్నాడు.

ఆ సాయంత్రం సుగుణమ్మ గారిని అడిగాను. “మూడేళ్లు ఆడవాళ్లలో మీరొక్కరే ఎట్టా కూర్చున్నారండీ? అప్పటికి నేను కూడా లేనుగా.”

ఆమె ఉతికిన బట్టలు మడత పెడుతున్నారు. తలెత్తకుండానే, “ఎవరో ఒకరు వస్తారుగా” అన్నారు.

తర్వాత ముప్పై ఏళ్లకు పైగా ఉద్యోగం చేశాను. మగవాళ్లే నిండిన మీటింగుల్లో, మనవాళ్లు ఎప్పుడూ కూర్చోని ముందు వరుసల్లో, కుర్చీ లాక్కుని కూర్చున్నాను. చాలాసార్లు నా పక్క కుర్చీ ఖాళీగానే ఉండిపోయింది. అయినా లేవలేదు, ఎవరో ఒకరు వస్తారని.