పచ్చడిబండ కింద పీతలు

ఎల్బీనగర్‌లో ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో అది వెళ్ళిపోయాకే తెలుస్తుంది. తెలంగాణ ఉద్యమం రోజుల్లో అలా పరిగెత్తి ఒక బస్సెక్కి, దిల్‌సుఖ్‌నగర్‌లో నేనుండే ఇంటి ఓనరుతో కలిసి, సముద్రం ఒడ్డున వాళ్ళ అక్కగారి ఊరికి వెళ్ళాను.

ఆవిడ కోపంగానే వడ్డించేది. ఉప్పుకాలవలో తనే పట్టిన పీతల్ని పచ్చడిబండతో ఒక్క దెబ్బకు పగలగొట్టి, కండ తీసి నా కంచంలో పెట్టేది. కాలవ గట్టున కోసిన ఆకుకూర వద్దంటే ఇంకో గరిటె పడేది.

రెండో రోజు హైదరాబాద్ బస్సులు ఆగిపోయాయి.

"ఎవరయ్యా ఈ బందులు చేసేది?" అంది, బండ ఎత్తి.

"మేమే అమ్మా. మా రాష్ట్రం మాకు గావాలె గదా," అన్నాను. నోటినిండా పీత ఉన్నప్పుడు ఉద్యమం అంత గంభీరంగా వినిపించదు.

"తీసుకోండి, ఎవరొద్దన్నారు? మా తమ్ముడి గేటు మీద 'వెళ్ళిపోండి' అని రాశారంట. వాడికి నిద్ర లేదు. ఎవరు రాశారు?"

ఓనరు కంచంలోంచి తల ఎత్తలేదు.

"నేను గాదమ్మా. గల్లీ పోరగాళ్ళు రాసిన్రు."

బండ దిగింది. ఈసారి తీసిన కండ నా కంచంలోకి రాలేదు.

"రోజూ ఆ గేటు తీసుకునేగా లోపలికెళ్తావు. ఒక్కరోజన్నా చెరపలేకపోయావా?"