పడవ మీద మిగిలిన మరక

నిరుడు మా తమ్ముడు అప్పన్న టూరిస్టుల కోసం కొత్త పడవ దింపాడు. మా దీవిలోని బతు బస్తీ అనే పేటలో కుట్టుపని చేసుకునే నేను దానికి వెబ్‌సైట్ పెడతానన్నాను. ‘జలమణి’ డాట్ కామ్ ఖాళీగా ఉందా అని ఫోన్‌లో ఏఐని అడిగితే, ఉందంది. పడవ నీళ్లలోకి దిగాక ఆ పేరు కొనొచ్చులే అనుకుని, డాట్ కామ్‌తో సహా అడ్రసంతా పెయింటర్‌తో పడవ మీద ముందే పెద్దక్షరాల్లో రాయించేశాం.

పూజ చేసి కొబ్బరికాయ కొట్టాక ఎవరో ఆ అడ్రసు తెరిచారు. ఏదో నీళ్ల ట్యాంకుల కంపెనీ వచ్చింది! జెట్టీ మీద ఒకటే నవ్వులు.

“దీదీ, ఖాళీ అని నువ్వే కదా సెప్పినావు?” అన్నాడు తమ్ముడు. నాకు తల కొట్టేసినట్లయింది.

పెయింటర్ తుడవబోతే అమ్మ అడ్డుపడింది. “పూజైన పేరు తుడిసేత్తారేటి?”

“పేరు జోలికెల్లనమ్మా. డాట్ తరవాత తోకే మారుస్తాను” అని ఫోన్ పట్టుకుని అక్కడే కూర్చున్నాను.

ఏఐ ఎక్కడా చూడకుండానే ఊహించి చెప్పిందని అప్పటికి అర్థమైంది. ఏ పేరు ఎవరు తీసుకున్నారో వెతికే టూల్‌ను దానికి కలిపాను. నెట్ మూడుసార్లు పోయినా వదల్లేదు. ఈసారి అది రికార్డు చూసి, డాట్ ఇన్ ఖాళీ అంది. వెంటనే కొన్నాను. రసీదు చేతికొచ్చాకే పెయింటర్‌కు బ్రష్ ముట్టనిచ్చాను.

‘కామ్’ చెరిపిన మరక ఇంకా ఉంది. మొన్న తమ్ముడు దాని మీద రంగు వేయిస్తానంటే ఒప్పుకోలేదు. ఏఐ ఏం చెప్పినా “చూసి చెప్తున్నావా?” అని అడగడం నాకు నేర్పింది ఆ మరకే.