అత్త తినని పాలకూర

నిన్న వాన వెలిశాక మణికొండలో మా అపార్ట్‌మెంట్ వెనక మురుగు మోరీ పొంగి, నల్లబురద వాసన బాల్కనీ దాకా వచ్చింది. ఇరుగుపొరుగువాళ్ళు తలుపులు మూసుకున్నారు. నేను మూయలేకపోయాను. అచ్చం చెరువు అడుగు మట్టి వాసన అది, ఖాజాగూడ వైపు చెరువుల్ని ఎరిగిన నా ఈడువాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు.

తొంభైల చివర, కొత్తగా కంప్యూటర్ ఉద్యోగం దొరికి, అక్కడే ఒక చెరువు పక్కన మేనత్త ఇంట్లో ఉంటున్న రోజులవి. మామ చేపలు పట్టేవాడు. ఒక వానాకాలం చెరువు నిండి అలుగు దుంకుతున్నప్పుడు, చిక్కుకున్న వల విడిపించడానికి అంచున ఉన్న జమ్ముగడ్డిలోకి దిగి మళ్ళీ రాలేదు. ఎంత వెతికినా దొరకలేదు. వరద తీసుకుపోయి ఉంటుందని అందరూ అన్నారు, అత్త మాత్రం ఒప్పుకోలేదు.

ఆమె ఎరిగిన చెరువు దేన్నీ ఊరికే పోనిచ్చేది కాదు. వానకు గుట్టల మీది ఆకూ అలమా, పేడా, మన్నూ కొట్టుకొస్తే అంచున ఉన్న జమ్మూ తుంగా పట్టి ఆపేవి, ఆ సారం తాగి ఏపుగా పెరిగి, ఎండి, కుళ్ళి అడుగుకు చేరేవి. ఎండాకాలం నీళ్ళు వెనక్కి తగ్గితే బయటపడిన నల్లమట్టిలో విత్తు చల్లితే చాలు, చిటికెడు ఎరువు లేకుండా పాలకూర అరచేతులంత ఆకులు వేసేది. అన్నీ దాచి తిరిగిచ్చే చెరువు మనిషిని మాత్రం ఎందుకివ్వదని అత్త నమ్మకం, లేదా మొండితనం. ఆమె దగ్గర ఆ రెండింటికీ పెద్ద తేడా లేదు.

మరుసటి ఎండాకాలం ఆమే అక్కడ పాలకూర వేసింది. కట్టలు కట్టి అమ్మేది, ఇంట్లో మాత్రం వండేది కాదు. పాలకూర పప్పంటే పడిచచ్చే నేను ఒకరోజు పట్టుబట్టి అడిగాను.

“అండ్ల మీ మామ ఉన్నడు బిడ్డా,” అంది. “బతికున్ననాడు గూడ ఇంటికొచ్చినోళ్లకు పెట్టకుండ పంపలే. ఊరందరికి పెట్టనీ. నేనెట్ల తింట?”

ఆ తర్వాత నాకూ ఆ కూర గొంతు దిగలేదు.

ఆ పై ఏడు మేడలు కట్టడం కోసం జమ్ము పీకి అంచు చదును చేయడానికి పొక్లెయిన్లు వచ్చాయి. అడుగు కలబెట్టేసరికి, కొంచెం కొంచెంగా ఇవ్వడమే తెలిసిన చెరువు ఏళ్ళ తరబడి దాచుకున్నదంతా ఒక్కసారి కక్కింది. నీళ్ళు చిక్కటి పచ్చరంగుకు తిరిగాయి, చేపలు వెల్లకిలా తేలాయి. అత్త పొద్దస్తమానం లారీల పక్కనే నిలబడి, మామ వెండి మొలతాడైనా కనిపిస్తుందేమోనని ప్రతి లోడూ చూసేది. ఏమీ కనిపించలేదు. మంచి సారమున్న మట్టి అని కొత్త ఆఫీసుల తోటలకు తోలుకుపోయారు. ఏ లారీ ఎటు పోయిందో ఆమెకు చెప్పేవాళ్ళు లేరు.

ఒక సాయంత్రం నాకోసం హైటెక్ సిటీకి వచ్చింది. మా ఆఫీసు గేటు లోపల బంతిపూలు విరగబూసి ఉన్నాయి. వాటి ముందు ఆగి, పక్కన మనిషితో అన్నట్టు మెల్లగా, “పొద్దువోయింది, ఇంటికి పోదాం పా” అంది. నాతోననుకుని నాలుగడుగులు వేశాను. అత్త కదల్లేదు, పూలవైపే చూస్తోంది.

ఆమె పోయి చాలా ఏళ్ళయింది. జమ్ము ఉన్నచోట మేడలు లేచాయి, ఈ దారి పొడుగునా ఆఫీసుల తోటలే. వాటి ముందు నేనూ ఆగుతుంటాను, కానీ ఆమెలా పిలవడానికి నోరు రాదు. పిలిస్తే మామ నిజంగా వస్తాడేమో, తీసుకువెళ్ళడానికి అత్త ఇల్లు ఇప్పుడు లేదు.