సంతకాల కింద వేలిముద్ర

మా నానమ్మ యాభై ఏళ్లకు పైగా చొక్కాలు కుడుతోంది. ఆమెకు పద్దెనిమిదేళ్లప్పుడు, దుకాణాలవాళ్లు రోజుకు పద్నాలుగు గంటలు కుట్టించుకుంటుంటే తట్టుకోలేక, పన్నెండు మంది ఒక ఇరుకు గదిలో కూర్చుని కుట్టుపనివాళ్ల సంఘం పెట్టుకున్నారు. పదకొండు మంది సంతకాలు చేశారు. చదువు రాని నానమ్మ వేలిముద్ర వేసింది. పక్కన ఆమె పేరు రాయాల్సిన మనిషి మరిచిపోయాడు. ఆ పన్నెండు మందిలో ఇప్పుడు బతికున్నది ఆమె ఒక్కతే.

ఈ ఏడాది సంఘం చరిత్ర పుస్తకం వేయాలనుకున్నారు. పెట్టినవాళ్ల జీవితాలు తలా ఒక పేజీ. నేను ఎనిమిదో తరగతిలో బడి మానేసి నానమ్మ పక్కన కాజాలు కుడుతున్నాను. చేతిరాత గుండ్రంగా ఉంటుందని సాపు రాసే పని నాకిచ్చారు. నాకిచ్చిన చిత్తు కాగితాలు పదకొండు జీవితాలతోనే అయిపోయాయి, నానమ్మది లేదు. అదేమిటని అధ్యక్షుడిని అడగడానికి నాకు రెండు రోజులు పట్టింది.

ఆయన మొదటి అధ్యక్షుడి కొడుకు. నానమ్మను పిలిపించి పాత రిజిస్టరు తెరిచాడు.

"ఈ వేలు ఎవరిదని రాయను పెద్దమ్మా? మా అమ్మది, మా అత్తది అని ఇప్పటికే నలుగురు వచ్చారు."

"నాదే బాబూ. మీ నాన్నే చెయ్యి పట్టుకుని వేయించాడు. సిరా ఎక్కువైతే గుడ్డపేలికతో తుడిచాడు కూడా."

"కాదనడం లేదు. ఇంకోసారి వేయండి, పక్కపక్కన పెట్టి చూద్దాం. అప్పుడు ఎవరూ నోరెత్తరు."

నానమ్మ ధీమాగా బొటనవేలు సిరాలో అద్ది కాగితం మీద నొక్కింది. నల్లటి మచ్చ పడింది. గీతలు లేవు. మూడుసార్లు వేసినా అంతే. ఇన్నేళ్లూ కత్తెర పిడి ఒరిసిన చోట చర్మం పలకలా నునుపు తేలింది.

"వేలంతా సంఘానికే అరగదీసింది. ఇంకేం సాక్ష్యం కావాలయ్యా?" అంది చుట్టూ చేరినవాళ్లలో కాలర్లు కుట్టే ఆవిడ.

ఎవరో నవ్వారు. అధ్యక్షుడు నవ్వలేదు. "కమిటీలో పెడతాను" అన్నాడు.

పుస్తకం వచ్చింది. పన్నెండో పేజీలో ఫొటో ఉండాల్సిన చోట రిజిస్టరులోని ఆ పాత వేలిముద్ర, కింద ఒకే వాక్యం. నానమ్మ మిషను ఆపి చదవమంది. ఇంకేదైనా కల్పించి చదువుదామనిపించింది. కానీ నా నోట అబద్ధం పలకదు.

"ఈ సభ్యురాలి వివరాలు తెలియవు."

నానమ్మ పేజీని కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూసింది.

"తెలియవన్నవాళ్లు ఒంటిమీద వేసుకున్న చొక్కాలు ఎవరు కుట్టారట? ఆ మాట అడిగే దిక్కు ఒక్కరూ లేకపోయారా అక్కడ?"

కమిటీ కూర్చున్న రోజు కాగితాలు అందించడానికి నన్ను పిలిచారు. వాళ్లు తేల్చేదాకా తలుపు పక్కనే నిలబడ్డాను. ఆ సంగతి నానమ్మకు ఇంకా చెప్పలేదు.