బాణం తిప్పకు

మా హారిస్‌డేల్ ఇంటి వెనకాల నాలుగు స్తంభాలకు కట్టిన నీడ పరదా సాయంత్రపు సముద్రగాలికి టపటపా కొట్టుకుంటే నాకు కూర్చోబుద్ధి కాదు. ఏ మూల తాడు ఏ స్తంభాన్ని ఎటు లాగుతోందో కళ్ళు మూసుకుని చెప్పగలను. అంటే, మూడు మూలలు చెప్పగలను. నాలుగోదానికి లేచి వెళ్ళి చూడాలి. ఈ పిచ్చి నాకు అంటించింది ఒకప్పుడు డార్విన్ నగరంలో, కట్టడాల ఇంజనీర్ల ఆఫీసులో నా బాసు రత్నమాల గారు.

డార్విన్‌లో సగం కప్పులు నా లెక్కల మీదే నిలబడ్డాయని మనవరాలికి చెబుతుంటాను. సగం కాదు లెండి. ఒక సైకిల్ షెడ్డు, ఒక పళ్ళ డాక్టరు గుమ్మం ముందు చిన్న పందిరి. ఆ పందిరే నా కొంప ముంచబోయింది. అప్పుడు నేను ప్రొబేషన్‌లో ఉన్నాను. ఉద్యోగం ఖాయం కాకపోతే వీసా లేదు, మూటాముల్లె సర్దుకోవడమే. ఉంచాలా పంపాలా అన్నది రత్నమాల గారి చేతిలో ఉంది. రాజమండ్రి మనిషి. ఆవిడ ఆఫీసులో ఒక కట్టుబాటు: బలాల దిశ చూపే బాణాలు ఎర్ర ఇంకుతోనే గీయాలి, గీశాక చెరపకూడదు. దిశ తెలియకపోతే ధైర్యంగా ఏదో ఒక వైపు గీసి లెక్క చేయాలి. ప్లస్ వస్తే ఊహ సరైనదే, మైనస్ వస్తే బలం దానికి ఎదురు దిక్కున ఉన్నట్టు.

పందిరికి కింద, గోడ నుంచి ఏటవాలుగా ఒక కడ్డీ ఉంది. అది పందిరిని లాగుతోందని, దొంగచాటుగా పెన్సిల్‌తో గీశాను. మైనస్ వచ్చింది. నాకు నామోషీ! బాణం చెరిపి తిప్పేశాను, మైనస్‌ను మాత్రం అలాగే ఉంచాను. చివర్లో ఆ మైనస్ చూసి బలాన్ని మళ్ళీ తిప్పాను. రెండుసార్లు తిరిగి మొదటికే వచ్చాను. లాగే కడ్డీ సన్నగా ఉన్నా చాలు కదా అని డ్రాయింగులో సన్నటిదే వేశాను. తోసే కడ్డీ సన్నగా ఉంటే వంగిపోతుంది.

రత్నమాల గారు పిలిచారు.

"ఏమయ్యా, ఈ కడ్డీ తీసేస్తే పందిరి ఎటు పోతుంది?"

"కిందికి, మేడమ్."

"మరి కడ్డీ దాన్ని ఎటు తోయాలి?"

"పైకి..."

"మరి నీ లెక్క ఏమంటోంది?"

నేను ఫ్యాను వైపు చూశాను.

"జవాబు ఫ్యానులో లేదు. మైనస్ పాపం నిజమే చెప్పిందిగా, దాని మాట వినడానికి నీకేం పోయింది?"

ఆ వారమే నా ప్రొబేషన్ ముగిసింది. ఆవిడ గదిలోకెళ్ళి, ఎలాగైనా గట్టెక్కాలని, "మేడమ్, ఈ ఆఫీసుకు నేనొక స్తంభం" అనేశాను.

ఆవిడ కళ్ళు మూసుకుని తెరిచారు. "నిన్ను తీసేసి చూశానయ్యా. ఆఫీసు కదల్లేదు."

"అయితే పంపేస్తున్నారా?"

"కప్పు కింద ఏ బలమూ మోయని కడ్డీలు కొన్ని ఉంటాయి. వాటిని పీకేస్తామా?"

"పీకం, మేడమ్."

"ఎందుకని?"

"గాలి అటు తిరిగితే... అవే మోయాలి."

"తెలుసుగా! పోయి పని చూసుకో. ఆ పెన్సిల్ మాత్రం ఇక్కడ పెట్టి వెళ్ళు."

డార్విన్ వానలో ఇంటిదాకా గంతులేస్తూ వెళ్ళాను. బస్టాపు దాకా అనుకోండి.

నిన్న సాయంత్రం పరదా కింద కూర్చుని మా మనవరాలు యూనివర్సిటీ లెక్కలు చేసుకుంటోంది. "తాతయ్యా, మైనస్ ఎగైన్! ఐ హేట్ దిస్!" అంటూ రబ్బరు అందుకుంది. నేను చెయ్యి పట్టుకున్నాను.

"బాణం ముట్టకు బంగారం. నీ బొమ్మలో ఆ కడ్డీ తీసేస్తే ఏమవుతుంది?"

"ఇట్ ఫాల్స్ లెఫ్ట్... ఓ! సో ఇట్స్ పుషింగ్ రైట్, నాట్ పుల్లింగ్! ద మైనస్ ఈజ్ కరెక్ట్!" కుర్చీలోంచి ఎగిరింది. నేనూ ఎగిరాను, మోకాళ్ళు ఒప్పుకున్నంత.

"యూ ఆర్ ఎ జీనియస్, తాతయ్యా!"

"ఈ పద్ధతి నేను కనిపెట్టిందే" అన్నాను. వెనక పరదా టప్‌మంది. "నేను కాదులే. రత్నమాల గారని, మా బాసు."

జేబులో ఎప్పుడూ ఉండే ఎర్ర పెన్ను తీసి తన చేతిలో పెట్టి, పెన్సిల్ నేను లాక్కున్నాను.